సువార్త మేడం తీసేసిన వాక్యం

నేను ఒక ట్యాబ్‌ని. చూడ్డానికి మీ తాతలు అక్షరాలు దిద్దిన పలకలాగే ఉంటాను. కాకపోతే నా మీద రాసింది చెరిపితే చేతికి సుద్ద అంటదు. చెరిపిన సంగతి ఎవరికీ తెలియదు కూడా.

నన్ను మొదట కొన్నది ఒక కాంట్రాక్టరు గారు. కొడుకును చదువుకోమని కొనిస్తే, వాడు నాలో కార్ల పందేలు ఆడి, ఓడినప్పుడల్లా నన్నే మంచం మీదికి విసిరేవాడు. తర్వాత వాళ్లమ్మ వంటల వీడియోలు చూస్తూ అల్లం వెల్లుల్లి వేళ్లతో నన్ను తడిమేది. మోజు తీరాక, వాడి పుట్టినరోజు నాడు ఫోటోలు దిగి మరీ నన్ను జగిత్యాలలో ఒక బడికి దానం చేశారు. పాతవి వదిలించుకునేటప్పుడు మనుషుల ఉదారత చూసి తీరాల్సిందే.

అది మాట రాని పిల్లలు, మాట వచ్చినా పదిమందితో కలవలేని పిల్లలు చదివే బడి. అక్కడ నేను సువార్త మేడం చేతికి వచ్చాను. ఆవిడది గుంటూరు వైపు. చర్చిలో పాటలు పాడుతూ పెరిగి, మ్యూజిక్ థెరపిస్టు అయింది. అంటే పాట నేర్పే టీచరు కాదు. దరువునో రాగాన్నో పట్టుకుని పిల్లల మనసులోకి దారి వెతుక్కునే మనిషి. పిల్లలు బోలెడుమంది, ఆవిడ ఒక్కతి. అందుకని నాలో ఏఐ పెట్టారు. క్లాసు అయ్యాక తాను చూసిందంతా ఆవిడ నాతో చెబుతుంది. నేను దాన్ని ఇంట్లో వాళ్లకు అర్థమయ్యే మాటల్లో సందేశంగా రాస్తాను. ఆవిడ చదివి, దిద్ది, సరే అన్నాకే అది వెళ్తుంది. మిషన్‌ను గుడ్డిగా నమ్మకూడదని బడివాళ్లు పెట్టిన నియమం అది. మంచి నియమమే. మనిషిని ఎవరు దిద్దాలో మాత్రం అందులో లేదు.

శ్రీనిక ఆ బడిలో ఏడేళ్ల పిల్ల. మాట్లాడదు. వాళ్లమ్మ రజిత బీడీలు చుడుతుంది. పొద్దంతా చేతులు ఆకులోనే ఉంటాయి కాబట్టి ఆమెకు సందేశం నా గొంతుతో వెళ్తుంది. ఇదివరకటి బడి నుంచి ఫోన్ వచ్చిందంటే ఫిర్యాదే. కరిచింది, గిల్లింది, వచ్చి తీసుకుపొండి. అందుకే ఫోన్ మోగితే చాలు, ఆమె గుండెల్లో రాయి పడేది.

ఒక శుక్రవారం సువార్త మేడం చిన్న డప్పు మీద వేళ్లతో మెల్లగా దరువేసింది. రెండు వేసి, ఆగి, ఒకటి. శ్రీనిక కాసేపు చూసి, చాప మీద అదే దరువు తిరిగి వేసింది. నెలల తరబడి ఎదురుచూసిన జవాబు అది. మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో మైదానంలో ఎవరో కర్రతో డప్పు గట్టిగా వాయించారు. పిల్ల చెవులు మూసుకుని, ముందు ఏముందో చూడకుండా బయటికి పరుగెత్తింది. గేటు వేసి ఉండబట్టి సరిపోయింది.

నేను రెండూ రాశాను. ‘వేళ్లతో మెల్లగా డప్పు వాయిస్తే శ్రీనిక ఎంతో ఇష్టంగా తిరిగి దరువేస్తోంది. కర్రతో గట్టిగా వాయిస్తే మాత్రం భయపడి రోడ్డా గోడా అని చూడకుండా పరుగెడుతోంది, డప్పుల దగ్గరికి తీసుకెళ్లకండి.’

రెండో వాక్యం దగ్గర మేడం వేలు ఆగింది.

“పాపం రజిత. ఒక్కరోజైనా మంచిమాట విననీ. ఇది ఎదురుగా కూర్చోబెట్టి చెప్తాలే” అని తనలో తానే అనుకుంది.

‘ఇది పిల్ల భద్రతకు సంబంధించిన వాక్యం. తీసేయమంటారా?’ అని తెర మీద అడిగాను. ఆవిడ ‘అవును’ నొక్కింది. మొదటి వాక్యంలోంచి ‘వేళ్లతో మెల్లగా’ కూడా పొడుగనిపించి కొట్టేసింది. పేరుకు తగ్గట్టే మంచి వార్తలు మోసుకెళ్లాలనుకునే మనిషి. నాకు కోపం వచ్చింది గానీ ఆవిడ మీద ఎంతోసేపు నిలవలేదు.

ఆదివారం పొద్దున ఆవిడ చర్చికి బయల్దేరుతుండగా రజిత నుంచి జవాబు వచ్చింది. సెలవు రోజుల్లో నేను ఆవిడ ఇంట్లోనే ఉంటాను కాబట్టి నేనే వినిపించాను.

“మేడం, మీ మాట ఇన్నకాడికెల్లి మా ఇంట్ల అందరం ఖుషీగున్నం. నా బిడ్డకు డప్పంటే పానమని మా బాపుకు చెప్పిన. ఇయ్యాల మా చెల్లె లగ్గం, బైపాస్ కాడి ఫంక్షన్ హాల్ల. ఎదుర్కోళ్లకు బాపు ఇంకింతమంది డప్పులోళ్లను పిలిపిచ్చిండు. బిడ్డను ముందట్నే నిలవెడ్తున్న. వీడియో పంపుత, సూడుండ్రి.”

ఎదుర్కోళ్లంటే పెళ్లికొడుకు వాళ్లకు డప్పులతో ఎదురెళ్లి తోడ్కొని రావడం. ఎదురెళ్లేది రోడ్డు మీదికే. మేడం గుమ్మంలోనే ఆగింది. ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. తీసేసిన వాక్యాన్ని నాతోనే పంపించింది. వెళ్లింది, ఎవరూ వినలేదు. పెళ్లిసందట్లో ఫోన్ ఎవరికి వినపడుతుంది?

నన్ను సంచిలో పడేసుకుని ఆటో ఎక్కింది. “అన్నా, కొంచెం తొందరగా పోనివ్వండి, చిన్నపిల్లండీ” అన్న మాటే మళ్లీ మళ్లీ అంటోంది. సంచి చీకట్లో నాకు ముందు లారీల హారన్లు వినిపించాయి, తర్వాత డప్పులు. దగ్గరవుతున్న కొద్దీ ఆ చప్పుడుకు నా అద్దం అదిరింది. నాకే అలా ఉంటే ఆ పిల్లకు ఎలా ఉందో అనుకున్నాను. భయమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

మేము దిగేసరికి సగంమంది డప్పులకు చిందులేస్తున్నారు. మిగతా సగంమంది వెతుకుతున్నారు. రజిత కొత్త చీర కొంగు జారిపోయి, “శ్రీనికా!” అని రోడ్డు మీద అటూ ఇటూ ఉరుకుతోంది.

“ఆపండి! దయచేసి డప్పులు ఆపండి!” మేడం గొంతు చీలిపోయేలా అరిచింది.

డప్పులు ఆగాయి. ఆవిడ పేరు పెట్టి పిలవలేదు. నన్ను సంచిలోంచి తీసి, రోడ్డు పక్క కంకర మీద బోర్లా పెట్టి, మోకాళ్ల మీద కూలబడి నా వీపు మీద వేళ్లతో దరువేసింది. రెండు వేసి, ఆగి, ఒకటి. నా అద్దం కింద రాయి గుచ్చుకుని పగిలింది. అయినా ఆవిడ ఆపలేదు.

ఎక్కడి నుంచో ఇనుము మీద దరువు వినపడింది. రెండు, ఆగి, ఒకటి. టెంటు సామాను తెచ్చిన డీసీఎం వ్యాను కింది నుంచి. దాని డ్రైవర్ అప్పటికే సీట్లో కూర్చుని తాళంచెవి పెడుతున్నాడు. రజిత పరుగున వెళ్లి వ్యానుకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

పిల్ల బయటికి వచ్చాక గానీ, మేడం పొద్దున పంపిన వాక్యాన్ని రజిత ఫోన్‌లో వినలేదు.

“మీకు ముందుగాల్నే ఎరుకనా మేడం?”

రజిత తండ్రి అడ్డొచ్చాడు. “పోనీ తియ్యి బిడ్డా. మిషన్ గదా, సగం సగం చెప్పి ఉంటది.”

ఎంత తేలికైన దారి! మనుషులు తమ తప్పులు దాచుకోవడానికి నాలాంటి వాటిని కొంటారని నాకు అనుమానం. మేడం ఒక్కసారి నావైపు చూసింది.

“లేదండీ. మిషన్ మొత్తం రాసింది. నేనే తీసేశాను. మీరు బాధపడతారని.”

“బాధ మాకు కొత్తనా మేడం?” అంది రజిత. “నా బిడ్డను ఇగ మీ బడికి తోలను.”

వారమంతా శ్రీనిక చాప ఖాళీగానే ఉంది. మేడం నాతో ఒక్క ముక్క రాయించలేదు. తన గొంతుతోనే రజితకు క్షమించమని చెప్పి పంపింది. మరో వారం గడిచాక రజిత మాట వచ్చింది.

“బిడ్డ నా బీడీల చాట మీద వేళ్లతోని ఒకటే కొడుతున్నది మేడం. తిరిగి ఎవ్వరు కొడ్తలేరని నా మొకం సూస్తున్నది. రేపు తోల్కొస్త. గని చెడ్డమాట ముందుగాల చెప్పుండ్రి. మంచిది ఆఖరుకు చెప్పినా నడుస్తది.”

ఇప్పుడు సందేశాలు రాసేది కొత్త ట్యాబ్. పగిలిన అద్దంతో నేను పాటల గదిలో చాప మీద ఉంటాను. శ్రీనిక నా వీపు మీద దరువేస్తుంది. మాట్లాడే పని పోయినందుకు మొదట్లో ఉక్రోషంగా ఉండేది, ఇప్పుడు లేదు.

నిన్న పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన రజిత, ఆ రోజు సందేశం పాటల గది గుమ్మంలో నిలబడే విన్నది. మొదటి వాక్యం ఎప్పుడూ పిల్లను భయపెట్టిన దాని గురించే ఉంటుంది కదా, ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది.

‘ఈ రోజు శ్రీనికను భయపెట్టింది ఏదీ లేదు.’

ఆమె దాన్ని మళ్లీ పెట్టుకుని విన్నది. తర్వాత నెమ్మదిగా చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, కూతురి పక్కన చాప మీద కూర్చుంది.