దిగుడులో న్యూట్రల్ వేయమన్నదెవరు

నరహరీ, నా బ్రేకులు కాల్చింది సులోచన కాదు, నువ్వు. సులోచన చెయ్యి విరగ్గొట్టింది నువ్వు. ఆ వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడ సీతారత్నం గారి మోకాలు పగలగొట్టింది నువ్వు. ఇప్పుడు తెలుగు సంఘం మీటింగులో మైకు పట్టుకుని డ్రైవర్ల నిర్లక్ష్యం గురించి ఉపన్యాసం ఇస్తున్నదీ నువ్వే.

నేను ఒక టూరిస్టు వ్యాన్‌ని. ముక్కు చితికిపోయి మెల్‌బోర్న్ శివార్లలో ఒక పాత ఇనుము యార్డులో పడి ఉన్నాను. బళ్ళను నలిపి దిమ్మలు చేసే యంత్రం నాకు ఎదురుగానే ఉంది. నా ముందు ఒక ఎర్ర కారుంది. దాని తర్వాత వంతు నాది. అందుకని వయ్యారంగా చెప్పే తీరిక నాకు లేదు.

పుట్టింది జపాన్‌లో. ఫ్యాక్టరీలో నన్ను బయటికి పంపేముందు తెల్ల గ్లౌజులు వేసుకున్న ఒకామె నా బ్రేకు తొక్కి, చెవి పెట్టి విని, తలూపింది. ఓడెక్కి ఆస్ట్రేలియా వచ్చాను. జీలాంగ్ ఊళ్ళో ఒక వృద్ధాశ్రమం వాళ్ళు కొన్నారు. కాలిన్ అని ఒక బట్టతలాయన నన్ను నడిపేవాడు. ముసలివాళ్ళను సముద్రం దగ్గరికి తీసుకెళ్ళేవాడు. వాళ్ళు చలికి భయపడి కిందికి దిగేవాళ్ళు కాదు. అద్దాలు బిగించుకుని, నా లోపలే కూర్చుని ఐస్‌క్రీమ్ తింటూ సముద్రాన్ని చూసేవాళ్ళు. ఇంతదూరం వచ్చి అద్దంలోంచి చూడటమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. కాలిన్ మాత్రం దిగుడు వస్తే చిన్న గేరు వేసి నత్తలా నడిపేవాడు. వెనక కార్లు హారన్లు కొట్టినా లెక్కచేసేవాడు కాదు. ఇంజను నన్ను పట్టుకుని ఉండేది, బ్రేకు చల్లగా ఉండేది.

ఆశ్రమం వాళ్ళు కొత్త బండి కొనుక్కుని నన్ను వేలంలో పెట్టారు. నరహరి కొన్నాడు. పసుపు పూశాడు, కుంకుమ పెట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. పక్కన 'తీర దర్శనం' అని తెలుగులో రాయించాడు. దణ్ణం పెట్టేవాడు రిపేరు కూడా చేయిస్తాడనుకున్నాను.

మెల్‌బోర్న్‌లో ఉన్న మన తెలుగువాళ్ళను పొద్దున్నే ఎక్కించుకుని గ్రేట్ ఓషన్ రోడ్డు మీద తిప్పి రాత్రికి దింపడం అతని వ్యాపారం. ఆ రోడ్డు గురించి ఒక మాట చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, చచ్చిపోయిన తమ తోటివాళ్ళ గుర్తుగా, పలుగూ పారా పట్టి కొండను తొలిచి వేసిన రోడ్డది. ఒక భుజానికి కొండ, ఒక భుజానికి సముద్రం. మలుపు తిరిగిన ప్రతిసారీ నీళ్ళ రంగు మారుతుంది. లోర్న్ దాటాక అలలు నా టైర్ల దాకా వస్తాయా అనిపిస్తుంది. తర్వాత రోడ్డు సముద్రాన్ని వదిలి అడవిలోకి ఎక్కుతుంది, మళ్ళీ తీరానికి దిగుతుంది. చివర్న సముద్రంలో నిలబడ్డ పెద్ద పెద్ద రాతి స్తంభాలు. వాటి పక్కన సూర్యుడు మునుగుతుంటే ఫొటో దిగాలి. ఆ ఫొటో పడిందా, దర్శనం అయినట్టే.

నరహరి పూర్వం చిలకలూరిపేటలో లారీలు తిప్పాడు. అక్కడి అలవాటు ఇక్కడికి మోసుకొచ్చాడు. "దిగుడు కనపడితే న్యూట్రల్లో పడెయ్యాలి. బండి దానంతటదే పోద్ది. దేవుడిచ్చిన దిగుడుకి మనం డీజిలెందుకు పొయ్యాలి" అనేవాడు. గేరు తీసేస్తే ఇంజను పట్టు వదిలేస్తుంది. నా బరువూ జనం బరువూ మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. ప్రతి ట్రిప్పులో అవి కొంచెం కొంచెంగా కాలిపోయాయి.

నన్ను నడపడానికి నరహరి జీతానికి పెట్టుకున్న సులోచనది కావలి. జనాన్ని ఎక్కించుకునే బండి నడపడానికి లైసెన్సు తెచ్చుకుంది, ఆ లైసెన్సే ఆమె కూడు. ఒకరోజు నా డ్యాష్‌బోర్డు మీద బ్రేకు లైటు ఎర్రగా వెలిగింది.

"నరహరన్నా, లైటు ఆరడంలా. ప్యాడ్లు అరిగిపొయినట్టుండాయి" అంది.

"ఎలిగితే ఎలగనీ అమ్మాయ్. సీరియల్ లైట్లు చూసి భయపడతామా మనం?"

మర్నాడు ఆ లైటు మీద ఆంజనేయస్వామి స్టిక్కరు అంటించాడు. "ఇంక ఆయన చూసుకుంటాడు" అన్నాడు. స్వామి వెనక ఎరుపు వెలుగుతూనే ఉంది. దూరం నుంచి చూస్తే దీపం పెట్టినట్టుండేది. జనం ఎక్కగానే దణ్ణం పెట్టేవాళ్ళు.

ప్రమాదం జరిగిన రోజు ముందు సీట్లో సులోచన పక్కన ఫణీంద్ర అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు కూర్చున్నాడు. వెనక అతని మేనత్త సీతారత్నం గారు, కాకినాడ నుంచి చూడటానికి వచ్చినావిడ. మిగతా సీట్లన్నీ మనవాళ్ళే. పులిహోర డబ్బాలు, అంతాక్షరి, ఒకటే గోల.

"ఒరే ఫణీ, మన కాకినాడలో కూడా ఇవే నీళ్ళు కదరా. దీనికి విమానం ఎక్కాలా?" అంది సీతారత్నం గారు.

"అక్కడ చేపల వాసనత్తా. ఇక్కడ వాసనుండదు."

"వాసన లేని సముద్రమేంటిరా, ఉప్పు లేని చారులాగా."

సులోచన కూడా నవ్వింది. పొద్దు వాలుతుండగా లేవర్స్ హిల్ అనే కొండమీది ఊరు దాటాం. అక్కణ్ణుంచి తీరానికి దిగుడు. నరహరి ఫోను చేశాడు. స్టాండులో ఉన్న ఫోను స్పీకర్లో మోగింది. అంతాక్షరి ఆగిపోయింది.

"ఎక్కడున్నారమ్మాయ్? సూర్యుడు నీకోసం నిలబడతాడా?"

"దిగుడన్నా. గేర్లో మెల్లగా పోతుండా. బ్రేకు మెత్తగా తగలతా ఉండాది."

"మెల్లగా ఏంది, న్యూట్రల్లో వేసి వదులు. ఇయ్యాల వీళ్ళకి ఫొటో పడకపోతే రేపట్నుంచి ఆ స్టీరింగు ఇంకోళ్ళ చేతిలో ఉంటది."

ఫోను పెట్టేశాడు. సులోచన చెయ్యి గేరు రాడ్డు మీద ఆగింది.

"వేసెయ్యండక్కా, అన్నగారి ఆర్డరు" అని ఫణీంద్ర నవ్వాడు. వెనక నుంచి ఇంకెవరో "అవునమ్మా, ఇంతదూరం వచ్చి చీకట్లో రాళ్ళు చూస్తామా" అన్నారు. ఆమె న్యూట్రల్ వేసింది.

కాసేపటికి సీతారత్నం గారు "ఏదో మాడుతోందిరా" అంది. "నీ పులిహోర తాలింపే అత్తా" అన్నాడు మేనల్లుడు. అందరూ నవ్వారు. ఆ మాడుతున్నది నేను. ఆ తర్వాతి మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తగిలింది. మలుపు అవతల లోయ. సులోచన గేరు పట్టించబోయింది, పడలేదు. స్టీరింగు ఒక్కసారిగా తిప్పి నన్ను కొండవైపు మట్టిగట్టుకు ఒరుసుకునేలా చేసింది. గీసుకుంటూ పోయి ఒక చెట్టు మొదలుకు గుద్దుకుని ఆగాను. లోయలోకి ఒక్కరూ పోలేదు. సులోచన మణికట్టు మాత్రం రెండుగా విరిగింది, సీతారత్నం గారి మోకాలు పగిలింది.

పోలీసులు వచ్చి చూస్తే గేరు న్యూట్రల్లో ఉంది. "గేర్లోనే దిగాలని లక్షసార్లు చెప్పాను, వినలేదు" అన్నాడు నరహరి. వాడు ఫోను చేసి వేయించాడని సులోచన చెప్పింది. జనాన్ని అడిగారు. ఒకాయన నిద్రపోయానన్నాడు. ఒకామె చెవుల్లో పాటలు పెట్టుకున్నానంది. ఫణీంద్ర ప్రకృతిని చూస్తున్నానన్నాడు. అందరికీ ఒకేసారి చెవుడు వచ్చింది. సులోచన మీద కేసు పెట్టారు. లైసెన్సు పోతుంది, జైలు కూడా పడొచ్చు.

నిన్న నరహరి, ఫణీంద్ర ఈ యార్డుకు వచ్చారు. నరహరి లోపలికి దూరి స్టిక్కరు గోటితో పీకాడు. కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. నా బ్యాటరీ చితికిపోయింది, లేకపోతే ఆ ఎరుపు వాడి మొహాన కొట్టేదాన్ని.

"ఆమెకి శిక్ష పడుతుందేమో అన్నగారూ" అన్నాడు ఫణీంద్ర.

"ఆడమనిషి, మొదటిసారి. మందలించి వదిలేస్తార్లే. నాకైతే వ్యాపారం పోద్ది. అయినా ఊరుగాని ఊళ్ళో నీకు ఇల్లిప్పించిందెవరు? మనోళ్ళని మనమే పట్టిస్తామా?"

కావలి మనిషి మనోళ్ళలోకి రాదన్నమాట.

ఫణీంద్ర బూటుతో మట్టి గీశాడు. "మా అత్తే వినట్లేదండి. తనే వెళ్ళి చెబుతానంటోంది. ఇంగ్లీషు రాదు కదా అని ఆపుతున్నా."

"ఆపు. సోమవారం కేసు అయిపోయేదాకా ఆపు."

నరహరీ, నువ్వు నన్ను దిమ్మ చేయించగలవు. వ్యాను నిండా జనాన్ని దిమ్మ చేయించలేవు. ఆ గుంపులో ఒక్కరు నోరు తెరిస్తే నీ మైకు పోతుంది, నీ దర్శనాలు పోతాయి, సులోచనను నిలబెట్టబోయే బోనులో నువ్వు నిలబడతావు. అది చూడటానికి నేనుండను. అయినా కావాలి నాకది.

ఫణీంద్రా, నిద్రపోయామన్న మీరందరూ, సోమవారం కోర్టుకు పోండి. అబద్ధం చెప్పామని ఒప్పుకోండి. సీతారత్నం గారూ, మీరు వీళ్ళకోసం ఆగకండి. కోర్టులో తెలుగు దుబాసీని అడిగితే ఇస్తారు. మేనల్లుడు కారు తియ్యనంటే టాక్సీ పిలిపించుకోండి. కర్ర పట్టుకుని ఆ గదిలోకి నడవండి. ఫోన్లో విన్నదంతా మాట పొల్లుపోకుండా తెలుగులోనే చెప్పండి. వాళ్ళు రాసుకుని తిరిగి చదివి వినిపించేదాకా అక్కణ్ణుంచి కదలకండి.