మలుపు దాటని బస్సు

కళ్ళు మూస్తే చాలు, ఢిల్లీబాబు కుడికాలు మంచం పట్టెను తన్నేది. బ్రేకు! పక్కనున్న భార్య మోహన ఉలిక్కిపడి లేచేది.

తిరుమల ఘాట్ రోడ్డులో ఏళ్ళ తరబడి బస్సు నడిపిన మనిషి ఢిల్లీబాబు. వాన వెలిసిన ఒక ఉదయం కొండ దిగుతుండగా, మలుపు తిరిగీ తిరగగానే పైనుంచి బండరాయి దొర్లి రోడ్డు మధ్యన పడింది. అతను బ్రేకు తొక్కి, బస్సును లోయ వైపు పోనీకుండా కొండ వైపు తిప్పి, గోడకు రాసుకుంటూ ఆపాడు. అద్దాలు పగిలాయి గానీ ఎవరికీ ఏమీ కాలేదు. ఒక ముసలామె అతని రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. డిపోలో శాలువా కప్పి, కొన్నాళ్ళు సెలవు తీసుకోమన్నారు.

ఆ సెలవులోనే అతనికి నిద్ర కరువైంది.

పడుకోగానే తలలో బస్సు బయల్దేరేది. మలుపు, మలుపు, ఆ మలుపు. రాయి. అక్కడితో తెగిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యేది. మధ్యలో ప్రశ్నలు. రాయి ఇంకొంచెం ముందు పడి ఉంటే? బ్రేకు పట్టకపోతే? తలుపు దగ్గర బిడ్డనెత్తుకుని నిలబడ్డ తల్లి పట్టు తప్పి ఉంటే? ఫ్యాను చప్పుడుకు నిద్ర రావడం లేదని ఆపించేవాడు, చెమట పోస్తోందని మళ్ళీ వేయించేవాడు. మోహన అరికాళ్ళకు ఆముదం రుద్దింది, గసగసాల పాలు కాచి ఇచ్చింది. తాగేసి అటూ ఇటూ దొర్లేవాడు. ఏమైందని అడిగితే "ఏం లేదు, పడుకో" అనేవాడు.

డిపోలో డ్రైవర్లకు ధ్యానం నేర్పడానికి పంకజాక్షి అనే రిటైర్డ్ టీచరు వచ్చేది. ఢిల్లీబాబు అక్కడికీ వెళ్ళాడు. చాప మీద కూర్చుని, ఆవిడ చెప్పినట్టే శ్వాస మీద మనసు పెట్టాడు. పీల్చాడు, వదిలాడు. మలుపు రానే వచ్చింది. మడిచిన కాలు ఒక్కసారిగా ముందుకు సాగి, ముందు కూర్చున్న డ్రైవరు గోవిందస్వామి వీపుకు తగిలింది.

"అబ్బా! ఏందప్పా ఇది, ధ్యానంలో గూడా బండి తోల్తా ఉండావా?"

అందరూ నవ్వారు. ఢిల్లీబాబూ నవ్వబోయాడు గానీ, చాచిన కాలు లేని బ్రేకును ఇంకా తొక్కుతూనే ఉంది.

పంకజాక్షి అది చూసింది. అందరూ వెళ్ళాక దగ్గరకొచ్చి, "ఆలోచనను ఆపాలని చూడొద్దు నాయనా. దాని దారిన దాన్ని పోనీ" అంది.

"యాడికి పోతాది మేడమ్? ఆ మలుపు కాడే నిలిచిపోతా ఉండాది."

ఆవిడ చాప చుడుతూ, "ఈ మాట ఇంట్లో చెప్పినావా?" అని మాత్రం అడిగింది.

చెప్పలేదు. ఆ సాయంత్రం, మోహన చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పాడు. బిడ్డతో నిలబడ్డ తల్లి సంగతి దాకా అంతా చెప్పాడు. మోహన ఒలవడం ఆపి విన్నది.

"ఆ పొద్దు కిందికి ఎట్ల వచ్చినావు మావా?"

"జీపులో తెచ్చినారు. నేను రోడ్డే సూడలా. తువ్వాలు మొకానికి అడ్డం పెట్టుకోని కూచున్నా."

"అయితే నీ తలకాయలో ఆ బస్సు ఇంకా కిందికి దిగనే లేదు. రేపు పోదాం పద. నువ్వు తోలొద్దు, నా పక్కన కూచో."

వద్దన్నాడు, కసిరాడు, సెలవు అయ్యేదాకా ఆగుదామన్నాడు. మోహన వినలేదు.

మరునాడు పొద్దున్నే కొండెక్కారు. ఎక్కేటప్పుడు బాగానే ఉన్నాడు. దిగే బస్సులో కూర్చున్నప్పటి నుంచే కాలు నేలను నొక్కడం మొదలుపెట్టింది. "ఇప్పుడు గేరు మార్చాల... ఇంత స్పీడెందుకు వీడికి..." అని గొణుగుతుంటే ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. మోహన భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ మలుపు దగ్గరపడుతుండగా అతను కళ్ళు మూసుకున్నాడు.

"మూయొద్దు మావా. సూడు."

చూశాడు. రాయి లేదు. కొండ గోడ మీద పొడుగాటి గీతలు, వాటిలో తన బస్సు రంగు. పక్కన ఒక కోతి వేరుశనగకాయ ఒలుచుకుంటోంది. బస్సు తిరిగింది. వెంటనే ఇంకో మలుపు వచ్చింది, దాన్నీ దాటింది. ఢిల్లీబాబు తల వెనక్కి తిప్పి చూశాడు. చెట్లు తప్ప ఏమీ కనబడలేదు.

"అయిపోయిందా?" అన్నాడు, పసివాడిలా.

"అయిపోయింది. కిందికి ఇంకా శానా దూరం ఉండాది, సూస్తా రా."

చెంపల మీద కారిన తడిని తుడుచుకోకుండా కొండ కింద అలిపిరి దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

అలిపిరిలో దిగాక అతన్ని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి మోహన టీకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గోడకు తల ఆనించి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఆటోలు హారన్లు కొడుతున్నాయి, మైకులో గోవిందనామాలు మోగుతున్నాయి, ఎవరో తప్పిపోయిన మనిషిని పేరు పెట్టి పిలుస్తున్నారు. అతను కదల్లేదు.

మోహన మెల్లగా పక్కన కూర్చుంది. తన టీ తాగింది. కాసేపు చూసి, చల్లారిపోతుందని అతని టీ కూడా తాగేసింది.