పదిహేడో మెట్టు

ఒక్క ప్రశ్న. తడుముకోకుండా చెప్పాలి. మీ ఇంట్లో మెట్లు చేసిందెవరు? కొట్టు పేరు అడగట్లేదు. బోర్డు మీదున్న పేరూ అక్కర్లేదు. చిత్రిక పట్టిన చెయ్యి ఎవరిది?

తెలీదు కదూ. అయితే ఈ కథ మీకోసమే.

వడ్రంగి కొట్టు తలుపు రోజూ పొద్దున్నే తీసేది మేస్త్రీ కూతురే. ఆమె నిన్నటి రంపప్పొట్టు ఊడ్చి, ఉలులు నూరి, జిగురు వెచ్చబెట్టేసరికి మేస్త్రీ వచ్చేవాడు. ఇంకో గంటకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో కేటలాగు పెట్టుకుని ఆమె అన్న దిగేవాడు. ఎంత దులుపుకున్నా ఆ పిల్ల జుట్టులో కాస్త పొట్టు ఉండనే ఉండేది. అందుకే అందరికీ ఆమె 'పొట్టు' అయిపోయింది.

ఆ కొట్టుకో పద్ధతుంది. మెట్లు బిగించడం పూర్తయ్యాక, మొదటి మెట్టు అడుగున కాల్చిన ఇనప ముద్రతో చేసినవాళ్ళ గుర్తు వెయ్యాలి. తాతది చందమామ. మేస్త్రీది చేప. అన్నకి పద్దెనిమిదేళ్ళు నిండిన రోజునే చుక్క గుర్తు చేయించారు. పొట్టుకి ఇరవై నాలుగు నిండినా గుర్తు లేదు. గుర్తున్నవాళ్ళు మేస్త్రీలు, లేనివాళ్ళు చేతిసాయం. ఊరు పెట్టుకున్న తూకం అదీ. అప్పటికి పదకొండు ఇళ్ళలో మెట్లు ఆమె చేతుల మీదుగా లేచాయి. పదకొండింటి కిందా చుక్కే.

"ఒక్క కొట్టుకి ఎన్ని గుర్తులే? జనం తికమకపడరూ?" అనేవాడు మేస్త్రీ, కోపమేం లేకుండానే.

"చందమామ, చేప, చుక్క అయ్యాయి. అప్పుడు పడని తికమక నా దగ్గరికొచ్చేసరికే పడతారా నాన్నా?"

మేస్త్రీ పనిబల్ల వైపు తిరిగేవాడు. ఉలి పదును చూసుకునేవాడు.

పన్నెండో పని డ్రైవరమ్మ ఇల్లు. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపి కట్టుకున్న ఇల్లది. కిందంతా ఒకటే హాలు. వంటగట్టు, భోజనాల బల్ల, సోఫా, వేటి మధ్యా గోడ లేదు. మెట్లు ఆ హాలు నడిమధ్యన రావాలి. ఎటు తిరిగినా అవే కనిపిస్తాయి. తప్పు చేస్తే దాచుకోవడానికి ఓ మూల కూడా లేదు. పైన గది డ్రైవరమ్మ తల్లిది. దాని కిటికీలోంచి చూస్తే కూతురి బస్సు మలుపు తిరగడం కనిపిస్తుంది. గది కట్టించిందే అందుకు.

అన్న కేటలాగు తెరిచాడు. "మెట్లు నల్ల గ్రానైటు, పక్కన అద్దం. ఇప్పుడంతా ఇదే నడుస్తోందండీ."

"నడవాల్సింది మా అమ్మ బాబూ," అంది డ్రైవరమ్మ.

మర్నాడు పొట్టు సంచీ నిండా అద్దం, గ్రానైటు, పాలరాయి, టేకు ముక్కలు మోసుకొచ్చి హాల్లో నేలమీద పరిచింది. "రోజంతా ఇక్కడే ఉంటానండీ. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి చూడాలి."

పొద్దుటి ఎండలో అద్దం ఎక్కడుందో, చూపు సరిగ్గా ఆనని ఆ ముసలావిడకి తెలియలేదు. చేత్తో గాలిని తడిమింది. మధ్యాహ్నం కిటికీ వెలుగు గ్రానైటు మీద పడి మెరిసింది. నీళ్ళనుకుని ఆవిడ కాలు పక్కకి వేసింది. పాలరాయి బాగానే ఉందిగానీ, రెండు ముక్కలు ఒకదాని పైన ఒకటి పెడితే ఒకటి ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో ఆవిడకి ఆనలేదు. "ఒకటే రంగయితే నాకు మెట్లు కావు తల్లీ, జారుడుబల్ల," అంది. లైట్లు వేశాక టేకు ముక్క తేనెరంగులో నిలబడింది. ఆవిడ చెప్పు విడిచి దానిమీద పాదం పెట్టింది. పెట్టి, తియ్యలేదు.

"ఇది వెచ్చగా ఉందే!"

టేకు ఖాయమైంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య వచ్చే నిలువు పలకలకి లేత మీగడ రంగు ఖాయమైంది. అంచుల రంగే మిగిలింది. అది పొట్టుకి తిరుగు ప్రయాణంలో దొరికింది. బస్సు దిగబోతూ కిందకి చూసింది. ప్రతి మెట్టు అంచుకీ పసుప్పచ్చ పట్టీ. ఊరంతా పడకుండా దిగుతున్నది ఆ పట్టీని చూసే కదా!

అన్న పగలబడి నవ్వాడు. "ఇల్లా, బస్సా?"

"డ్రైవరమ్మ ఇల్లు," అంది పొట్టు.

రంగు ఏడుసార్లు కలిపి ఏడుసార్లూ పక్కన పెట్టింది. ఎనిమిదోసారికి కుదిరింది. మరీ అరిచే పసుపు కాదు, అలాగని టేకులో కలిసిపోయేదీ కాదు. దారంతో ముసలావిడ పిడికిలి కొలిచి, ఆ కొలతకి పట్టుకునే కర్ర నున్నగా తీసింది. నెలన్నరలో పదిహేడు మెట్లు లేచాయి. వాటి పక్కన నిలబడితే ఆ హాలుకే వెన్నెముక వచ్చినట్టుంది. అన్న మధ్యమధ్యలో వచ్చి ఫొటోలు తీసుకున్నాడు.

చివరిరోజు మేస్త్రీ ముద్ర కాల్చాడు. అలవాటైన చెయ్యి అలవాటైన ముద్రనే అందుకుంది. చుక్క పడింది. పొట్టు చేతిలో బ్రష్షుంది. దాన్ని డబ్బాలో ముంచింది, తీసింది, మళ్ళీ ముంచింది.

మర్నాడు పొద్దున్నే డ్రైవరమ్మ ఫోన్ చేసింది. "మేస్త్రీగారూ, ఒక మెట్టు తగ్గిందండీ."

"పైనా, కిందా?"

"పైన."

"వస్తున్నాం."

అన్న వచ్చి లెక్కపెట్టాడు. పదహారు. కొట్టు నుంచి పలక తెచ్చి ఇంకోటి బిగించాడు. తెల్లారేసరికి మళ్ళీ పదహారు. ఇంకోటి వేశాడు. పదహారే. వేసిన పలకలు ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. మూడోరోజు మేస్త్రీ, పొట్టూ కూడా వచ్చి చూశారు. చివరి మెట్టుకీ పై అంతస్తుకీ మధ్య సరిగ్గా ఒక్క మెట్టంత ఖాళీ.

"కాస్త కాలు చాపితే అందుతుందండీ," అన్నాడు అన్న. "ఆ పదకొండు ఇళ్ళలోనూ పై మెట్టు ఇలాగే పోయింది, అందరూ అలాగే ఎక్కుతున్నారు. ఒక్కరు ఒక్క మాటన్నారా?"

నిజమే, అనలేదు. ఆ ఇళ్ళలో పిల్లలు గెంతేవారు, పెద్దలు గోడ పట్టుకుని కాలు చాపేవారు. లోటుకి అలవాటుపడి, దాన్ని సర్దుబాటు అని మెచ్చుకోవడంలో మనల్ని మించినవాళ్ళెవరు?

"మా అమ్మ కాలు చాపలేదు," అంది డ్రైవరమ్మ.

కుర్చీలోంచి ముసలావిడ పిలిచింది. "బాబూ, కింద నీ చుక్కేగా ఉంది. ఈ పసుపు పట్టీ రెండు వేళ్ళ వెడల్పే ఎందుకు పెట్టావు?"

"అందం కోసమండీ."

"పట్టుకునే కర్ర ఇంత సన్నమేం?"

"అదే ఇప్పటి డిజైనండీ."

ఆవిడ పొట్టు వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

"మూడు వేళ్ళు పెడితే పట్టీనే ఇంకో మెట్టనుకుంటారు అమ్మమ్మా. ఒక్కటైతే మీకు ఆనదు. కర్రంటారా, అది మీ పిడికిలి. ఇంకెవరికీ సరిపోదు."

ముసలావిడ మేస్త్రీని చూసింది. "ఎందుకో తెలిసింది ఒకరికి, గుర్తు ఇంకొకరిదీనా? మరి ఈ మెట్లు ఎక్కడికి చేరతాయి నాయనా?"

మేస్త్రీ ఒక పసుపు పట్టీ మీద రెండు వేళ్ళు ఆనించి చూశాడు. తరవాత మోకాళ్ళ మీద వంగి, మొదటి మెట్టు కిందకి దూరి, తన చేత్తోనే చుక్కని చిత్రిక పట్టేశాడు. జుట్టు నిండా పొట్టుతో బయటికొచ్చాడు.

"నీ గుర్తేంటే?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఏళ్ళ తరబడి రోజూ ఊడ్చే ముందు పొట్టులో వేలితో గీసుకుని, వెంటనే చెరిపేసుకున్న గుర్తది. చిత్రిక లోంచి చుట్ట తిరిగి రాలే చెక్క పొర.

ఆ మధ్యాహ్నమే మేస్త్రీ కొలిమిలో కడ్డీ కాల్చి చుట్ట తిప్పాడు, పిడి బిగించాడు. మళ్ళీ డ్రైవరమ్మ ఇంటికొచ్చి దాన్ని కూతురి చేతిలో పెట్టాడు. "నేను వెయ్యను. నువ్వే వెయ్యి."

పొగ లేచింది. పైన తలుపు గడియ పడినంత చిన్న చప్పుడైంది. పదిహేడో మెట్టు పట్టీతో సహా తన చోటికి వచ్చి కూర్చుంది.

"నాకు డ్యూటీ టైమైంది," అని డ్రైవరమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. ముసలావిడ లేచి కర్ర పట్టుకుంది. ఒకటి, రెండు అని పైకే లెక్కపెడుతూ, ఎవరి చెయ్యీ అడగకుండా పదిహేడూ ఎక్కింది. కిటికీ తెరిచింది. కాసేపటికి మలుపు దగ్గర, ఆ కిటికీ వైపు చూసి, కూతురి బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. కింద మేస్త్రీ, కొడుకుతో అన్నాడు, "విన్నావా? అది మీ చెల్లెలి మెట్లు మోగించిన హారన్."

ఆ వారమంతా మేస్త్రీ చిత్రికా, కొత్త ముద్రా పట్టుకుని కూతుర్ని వెంటబెట్టుకుని పదకొండు ఇళ్ళకీ తిరిగాడు. అన్ని చోట్లా మెట్టు తిరిగొచ్చింది. ఒకాయన మాత్రం అలవాటుగా కాలు చాపి తన్నుకుని, ఇదేం గోలయ్యా అని విసుక్కున్నాడు. ఇప్పుడూ అన్న కేటలాగుతోనే కూర్చుంటాడు, బాగా మాట్లాడతాడు. ఎవరొచ్చినా ముందు అనే మాట మాత్రం మారింది. "కూర్చోండి, మేస్త్రీ వస్తోంది."

ఇక మీ వంతు. ఇవాళ ఇంటికెళ్ళి మెట్లెక్కేటప్పుడు, చివర్లో కాలు చాపుతున్నారేమో చూసుకోండి. చాపుతుంటే ఆగండి, దిగండి, వంగి మొదటి మెట్టు కింద చూడండి. ఆ చెయ్యి ఎవరిదో కనుక్కునేదాకా నిద్రపోకండి. కనుక్కున్నాక ముద్ర వాళ్ళ చేతికివ్వండి. మీరు వెయ్యకండి. వాళ్ళనే వెయ్యనివ్వండి.