నాలుగో తలనొప్పి

మూడో రోజు పొద్దున్న మా కిటికీలు నీలంగా మారాయి. అంటే మంచు వాటిని దాటి పైకి పోయింది. వసారాలోని వీధి తలుపు లోపలికి లాగి చూస్తే ఎదురుగా తెల్లటి గోడ. దాని మీద మా తలుపు చెక్కల గీతలు అచ్చు పడి ఉన్నాయి. నా మొగుడు నోల్‌బెర్తో ఆ గోడ మీద వేలితో ఆవు బొమ్మ గీసి, తలుపు మూసేసి, ఇక ఎవరూ తనకు పని చెప్పడానికి వీల్లేదన్నాడు.

అతను ఏడాదిలో తొమ్మిది నెలలు సముద్రం దగ్గరే ఉంటాడు. చేపల్ని పెంచే పెద్ద వలల దగ్గర కాపలా పని. మాకు చలికాలమైన జులైలో పది రోజులు ఇంటికొస్తాడు. సరిగ్గా ఆ పది రోజుల్లోనే మంచు ముంచేసింది. లొంకిమాయ్ ఊరి నుంచి మంచు తోసి దారి తీసే యంత్రం రావడానికి మరో రోజు పడుతుందని రేడియో చెప్పింది. మాలో ఎవరికీ దిగులు లేదు. అటక మీద పిన్యోన్ గింజలు రెండు బస్తాలున్నాయి. పిండి ఉంది, పందికొవ్వు ఉంది, దుంపలున్నాయి. పెద్దది యానిరాకి బడి లేదు. చిన్నది రయెన్‌కి మూడేళ్లు, దానికి నాన్న ఇంట్లో ఉంటే చాలు.

తొమ్మిదింటికి కప్పు మీది మంచంతా ఒక్కసారిగా జారింది. ఇల్లు అదిరింది. పొయ్యి గొట్టం బయట ఎక్కడో విరిగి పూడిపోయింది, పొగ గదిలోకి తన్నింది. నోల్‌బెర్తో పొయ్యి మీద నీళ్లు కుమ్మరించాడు. గొట్టం రంధ్రంలో గోనెసంచి కుక్కాడు. గంటలో అందరి నోళ్ల నుంచీ ఆవిరి రావడం మొదలైంది.

అప్పుడు కుంపటి తీశాం.

మా వైపు కుంపటిని ఇంట్లో వెలిగించరు. వాకిట్లో వెలిగించి, బొగ్గులన్నీ ఎర్రబడి, పైన తెల్లటి బూడిద పట్టి, ఒక్క నల్లముక్క కూడా మిగల్లేదని తేలాకే లోపలికి తెస్తారు. నల్లబొగ్గు తూఫో వదులుతుంది. మనిషిని కూర్చున్నచోటే నిద్రపుచ్చి తీసుకుపోయే గాలి అది. పాలు తాగే పిల్లకి కూడా ఈ సంగతి తెలుసు. ఆ రోజు మాకు వాకిలి లేదు. కట్టెలూ బూట్లూ పెట్టుకునే వసారాలో వెలిగించాను. లోపల రయెన్ చేతులు చల్లగా ఉన్నాయని ఏడుస్తోంది. పావుగంట ఆగాను. ఇంకో పావుగంట ఆగాల్సింది. మూడు నాలుగు నల్లముక్కలు ఉండగానే కుంపటి పట్టుకొచ్చేశాను.

మా అత్త ఒర్ఫెలీనా చూసింది. కుంపటిలోని ఒక్క రవ్వ కూడా ఆవిడ కళ్లను తప్పించుకోదు. నన్ను చూసింది, బొగ్గుల్ని చూసింది. పట్టకారుతో నల్లముక్కల్ని అడుక్కి నొక్కి, మీద బూడిద కప్పి, ఎండిన నారింజ తొక్కలు, చెంచాడు పంచదార వేసింది. తియ్యటి వాసన గదంతా పరుచుకుంది.

"వాడికి తెలిస్తే పొద్దుగూకేదాకా ఉపన్యాసం ఇస్తాడు. నోరు మూసుకో పిల్లా," అని గుసగుసగా అంది.

నోల్‌బెర్తో వచ్చి గాలి పీల్చి, బొగ్గు బాగా అంటుకుందా అని అడగనే అడిగాడు. సముద్రం దగ్గర చేపల కంపులో ముక్కు పారేసుకున్నవాడు నాకు కుంపటి నేర్పుతాడా అంది ఆవిడ. అతను నవ్వేసి, గుమ్మం కింద దుప్పటి మడిచి కుక్కాడు, చలి రాకుండా.

ఆ తర్వాతి మూడు గంటలంత హాయైన పూట నా జీవితంలో మళ్లీ రాలేదు. ఈ మాట అనడానికి నాకు సిగ్గుగానే ఉంది. కుంపటి మీద కెటిల్ పాడుతోంది. మాతే ఆకుల కషాయం గిన్నె చేతి నుంచి చేతికి తిరుగుతోంది. బూడిదలో పిన్యోన్‌లు చిట్లుతున్నాయి. అత్త కుంపటిని రెండు పాదాల మధ్య పెట్టుకుని, రయెన్‌ని ఒళ్లో వేసుకుని పేకాడుతోంది. ఒక మంచి ముక్కను మనవరాలి గౌను మడతలో దాచింది. యానిరా కనిపెట్టింది. చర్చికి వెళ్లేదానివి, మోసం చేస్తావా నానమ్మా అని నిలదీసింది. దేవుడు ఆదివారం మాత్రమే లెక్క చూస్తాడు, ఇవాళ బుధవారం అంది ముసలమ్మ.

పన్నెండు దాటాక నోల్‌బెర్తో ముక్కలు కింద పెట్టి కణతలు నొక్కుకున్నాడు. నిన్న తాగిన ఆపిల్ కల్లు ఇప్పుడు బాకీ వసూలు చేస్తోందని వాళ్లమ్మ వేళాకోళం చేసింది. నాకు చెప్పి, బంగాళాదుంపను పల్చగా రెండు బిళ్లలు కోయించి, ఉప్పు రాసి, కొడుకు కణతలకి చెరొకటి అంటించింది. తలనొప్పికి మా ఇళ్లలో మొదటి మందు అదే. ముక్క ఎండి దానంతటదే రాలిపోతే నొప్పి పోయినట్టు. చెవుల దగ్గర దుంపబిళ్లలతో అతన్ని చూసి యానిరా విరగబడి నవ్వింది.

నా తల కూడా దిమ్ముగానే ఉంది. పొద్దుటి పొగ వల్లేమోననుకుని పైకి చెప్పలేదు.

గింజలు అయిపోయాయి. నిచ్చెన వేసుకుని అటకెక్కాను. పైన రేకుల సందుల్లోంచి చలి సూదుల్లా దిగుతోంది. బస్తా విప్పుతూ కాసేపు కూర్చున్నాను. తల తేలికైంది. కళ్ల ముందు మసక విడిపోయింది. అంత చలిలోనూ అక్కడే ఉండాలనిపించింది. ఎందుకని నన్ను నేను అడగలేదు. కింద నుంచి అత్త అరిచింది, వేడంతా పైకి పోతోంది, అటక తలుపు మూసి దిగమని. మూసి దిగాను.

దిగేసరికి నోల్‌బెర్తో బల్ల మీద వాలి గురక పెడుతున్నాడు. యానిరా నేల మీద మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుంది. తల పగిలిపోతోందమ్మా, కడుపులో తిప్పుతోంది అంది. దానికీ రెండు బిళ్లలు కోసి పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నా తలనొప్పి మళ్లీ మొదలైంది, ముందుకంటే గట్టిగా. రయెన్ అత్త ఒళ్లో మంచి నిద్రలో ఉంది. దాని బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఎంత ముద్దుగా ఉందో చూడు, వెచ్చదనం పిల్లకి బాగా పడింది," అంది అత్త. తర్వాత కళ్లు మూసుకుని, "నాకూ రెండు బిళ్లలు కోయి పిల్లా," అంది.

కోసి అంటించాను. అంటించాక కత్తి చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఇంట్లో కాపురానికి వచ్చి పన్నెండేళ్లు. ఒర్ఫెలీనా తలనొప్పి అనడం నేనెన్నడూ వినలేదు. నోల్‌బెర్తోది కల్లు. నాది పొగ. యానిరాది ఆకలేమో. మరి ఈవిడది? నలుగురికీ ఒకే పూట, ఒకే గదిలో. అటక మీద నాకు తగ్గింది, దిగగానే మళ్లీ పట్టుకుంది.

నారింజ వాసన కింద ఏముందో అప్పుడు అర్థమైంది.

అరిచాననుకున్నాను. గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. గుమ్మం కింది దుప్పటి పీకాను. ఎప్రన్ చేతులకి చుట్టుకుని కుంపటి పట్టుకున్నాను, అయినా వేళ్లు కాలాయి. వసారా దాకా ఈడ్చుకుంటూ వెళ్లి, వీధి తలుపు తెరిచి ఆ తెల్లగోడలోకి కుంపటిని తోసేశాను. అది బుస్సుమంది. ఆవు బొమ్మ మాయమైంది. కుంపటి పోయింది, అది వదిలిన గాలి మాత్రం లోపలే ఉంది. ఆ గదికి ఒక్క సందు కూడా లేదు. అన్ని సందులూ మేమే కుక్కాం.

తిరిగొచ్చి నోల్‌బెర్తోని రెండు చెంపలూ వాయించాను. తల అటూ ఇటూ ఊగింది, కళ్లు తెరవలేదు. తొంభై కిలోల మనిషి. అతన్ని కదపబోతే మిగతావాళ్లని మోయడానికి నా చేతుల్లో బలం మిగలదు. నేను అటు అతన్ని, ఇటు పిల్లల్ని చూస్తుంటే అత్త లేచి నిలబడింది. ఎలా నిలబడిందో ఇప్పటికీ తెలియదు. రయెన్‌ని నా చేతుల్లో పెట్టి ఒకటే మాట అంది.

"ముందు ఇది. వాణ్ణి నేను కన్నాను, నేను చూసుకుంటాను."

పిల్లని శాలువాతో వీపుకి కట్టుకుని నిచ్చెన ఎక్కాను. ఏడు మెట్లు. నాలుగో మెట్టు దగ్గర ఎందుకు ఎక్కుతున్నానో మర్చిపోయాను. వీపు మీద బరువు లేకపోతే అక్కడే ఆగిపోయేదాన్ని. అటక తలుపు తలతో తోసి, పిల్లని బస్తా మీద పడుకోబెట్టి, కప్పు కింద త్రికోణపు గోడ చెక్కల్ని మడమతో తన్నాను. మా మామ కొట్టిన మేకులవి, మొండివి. ఐదో తన్నుకి ఒక చెక్క ఎగిరిపోయింది. గాలి ఈలేసుకుంటూ లోపలికి దూకింది. రయెన్ మొహం దానికి ఎదురుగా తిప్పాను. అది కదల్లేదు, ఏడవలేదు. ఏడవమని దాని చెవిలో బతిమాలాను.

కింద యానిరా నిచ్చెన పట్టుకుని, మెట్లు కదులుతున్నాయమ్మా అంటూ నవ్వుతోంది. అత్త దాని కాళ్ల కింద భుజం పెట్టి పైకి నెట్టింది. నేను జడ పట్టుకుని లాగాను. అది పైకొచ్చి, చెల్లి పక్కన పడి, వాంతి చేసుకుంది. చెల్లిని గిల్లుతూ ఉండు, నిద్రపోతే చంపేస్తానని చెప్పి కిందికి దిగాను.

అటక ఒక్కటే తెరిస్తే సరిపోదు. చెడ్డ గాలి పై నుంచి పోవాలంటే కింద నుంచి మంచి గాలి రావాలి. పార మంచు కింద ఎక్కడో బయట ఉంది. బట్టలుతికే తట్ట తీసుకుని వీధి తలుపు దగ్గరికి పోయాను. మంచుగోడ పై మూల కాస్త తెల్లగా ఉంది. అక్కడ తవ్వాను. కళ్లు మూతపడుతున్నాయి. ఒక్కో తట్టకీ ఒక పేరు అనుకున్నాను. రయెన్. యానిరా. నోల్‌బెర్తో. ఒర్ఫెలీనా. మళ్లీ రయెన్. ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. తట్ట అంచు శూన్యంలోకి దూసుకుపోయింది. చన్నీళ్లు కొట్టినట్టు గాలి మొహం మీద పడింది. నన్ను దాటి ఇంట్లోకి పోయి, గదంతా కడుక్కుంటూ అటక వైపు లేచింది. అటక తలుపు దడదడ కొట్టుకోవడం వినిపించింది.

వెనక్కి తిరిగితే వసారా గుమ్మం మీద వాళ్లిద్దరూ ఉన్నారు.

ముసలమ్మ కొడుకుని కాళ్లు పట్టుకుని బల్ల దగ్గర్నుంచి గుమ్మం దాకా ఈడ్చుకొచ్చింది. నా వల్ల కాని పని. అతని నడుము గుమ్మం దాటింది. ఆవిడ అతని బూట్ల మీద తల పెట్టి పడి ఉంది. నేను నోల్‌బెర్తో తల ఇటు తిప్పుకుని, చంకల్లో చేతులు పెట్టి, తవ్విన మూల కిందికి లాగాను. మొహానికి మంచు రుద్దాను. చాలాసేపటికి దగ్గాడు, వాంతి చేసుకున్నాడు, కళ్లు తెరిచాడు. ఆవిడ మొహానికీ మంచు రుద్దాను. ఛాతీ నొక్కాను. నోట్లో గాలి ఊదాను. చేతులు పడిపోయేదాకా ఆపలేదు, ఆవిడ ఊపిరి తీయలేదు. ఆవిడ నోట్లో ఇంకా నారింజ వాసన ఉంది.

అప్పుడు అటక మీద రయెన్ ఏడ్చింది. మొదట సన్నగా, తర్వాత గుక్కపట్టి. నేను నేల మీద కూలబడి ఆ ఏడుపు వింటూ ఉండిపోయాను.

నోల్‌బెర్తో గోడకి ఆనుకుని తల్లిని చూస్తున్నాడు.

"కుంపటిలో నల్లబొగ్గు ఉందా?"

నారింజ తొక్కలు వేసింది ఆవిడే. బూడిద కప్పిందీ ఆవిడే. నేను నోరు విప్పకపోతే నా తప్పు ఆవిడతోనే పోతుంది. పోవాలనే కదా కప్పింది.

"ఉంది. నేనే తెచ్చాను, పిల్ల ఏడుస్తోందని. అత్తయ్య చూసింది. నువ్వు నన్ను తిట్టకుండా దాచిపెట్టింది," అన్నాను.

అతను దాని గురించి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. అతని కణతల మీది బిళ్లలు ఎప్పుడో ఎండి రాలిపోయాయి. వాళ్లమ్మవి అంటించినవి అంటించినట్టే ఉన్నాయి, తడిగా, ఉప్పుతో మెరుస్తూ. అతను వంగి వాటిని ఒకటొకటిగా తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి, తూలుకుంటూ, పైన పిల్లలు ఏడుస్తుంటే నిచ్చెన వైపు నడిచాడు.