మూడోసారి అనేలోపు

మా ఆయనతో వేగడం నా వల్ల కాదు. ముప్ఫై ఏళ్లుగా కూరగాయల మార్కెట్లో వేలం వేస్తున్నాడు. బల్ల చరిచి "ఒకటోసారి, రెండోసారి" అని అరిస్తే గేటు అవతలికి వినిపించేది. ఆ గొంతులోనే క్యాన్సర్ అన్నారు.

మొదటి ఆసుపత్రి డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ఒకటి, ఏడు వారాలు కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, మధ్యమధ్య కీమో మందు ఎక్కించడం. గొంతు మిగలొచ్చు, కచ్చితంగా చెప్పలేరు. రెండోది ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. మెడకు పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి. మాట మళ్లీ నేర్చుకోవాలి. ఏదైనా సరే, త్వరగా తేల్చుకోమంది.

ఈయన తేలుస్తాడా!

"తొందరపడకే. మొదటి పాటకే సరుకు వదిలేస్తామా? ఇంకోచోట ఇంతకంటే మంచిది చెప్తారు" అన్నాడు.

రెండో ఆసుపత్రిలోనూ అవే రెండు. మూడో చోటా అవే. కాళ్లరిగేలా తిరిగాను. ఈలోగా ఆయన గొంతు బొంగురుపోయి, పక్కనున్నవాళ్లకు తప్ప వినపడకుండా పోయింది.

"ఇదేమన్నా టమాటా గంపా, ఆగినకొద్దీ పాట పెరగడానికి?" అని అరిచాను. ఇంకో ఆసుపత్రి పేరు చెప్పాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

ఐదు వారాల తర్వాత మళ్లీ ఆ మొదటి డాక్టరమ్మ దగ్గరికే లాక్కొచ్చాను. ఆవిడ కొత్త స్కాన్ చూసింది.

"పెరిగింది. ఇవాళ్టికి రెండు దారులూ ఉన్నాయి. ఇంకా ఆగితే ఆపరేషన్ ఒక్కటే మిగులుతుంది" అంది.

ఈయన గొంతు సవరించుకుని, "పక్క ఊళ్లో ఒక పెద్ద డాక్టరున్నాడంట..." అన్నాడు.

బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచాను. కాగితాలు ఎగిరాయి.

"ఒకటోసారి!"

"ఏమే, ఏంటిది?"

"రెండోసారి! మూడోసారి అన్నాక ఎవరొచ్చి ఎంత పాడినా సరుకు వెనక్కి రాదని మీరే చెప్తారుగా!"

మూడోది అనబోయాను. ఏడుపొచ్చేసింది.

ఆయన నా చేయి పట్టుకున్నాడు. బల్ల మీదికి వంగి, డాక్టరమ్మను మొట్టమొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు.

"కరెంటు పెట్టాక జబ్బు మళ్లీ వస్తే?"

"అప్పుడు ఆపరేషనే."

"గొంతు పోతుంది కదా?"

"పోతుంది. ప్రాణం దక్కించడానికే చేస్తాం."

ఆయన నావైపు తిరిగాడు. "ఇది అడగడానికే భయమేసిందే ఇన్నాళ్లూ."

ఐదు వారాలు! ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా!

నా చేత్తోనే బల్ల మీద మెల్లగా కొట్టించాడు. "మూడోసారి. కరెంటు" అన్నాడు.

బల్లకు అవతల కూర్చున్న డాక్టరమ్మకు వినపడలేదు. మళ్లీ చెప్పమంది. నేనే గట్టిగా చెప్పాను.