అంచు మీద ఒక చుక్క

లాండ్రీ తలుపు తీసీ తీయగానే డ్రైవరు లోపలికొచ్చి, కూతురి ఆకుపచ్చ గౌను కౌంటరు మీద పరిచాడు. ఛాతీ దగ్గర అరచేయంత మేర రంగు పోయి, పెచ్చు ఊడిన గోడలా ఉంది.

"ఏం చేశావయ్యా దీన్ని?" అంది లాండ్రీ ఆవిడ.

"సిరా మరకమ్మా. ఫోన్‌ని అడిగి, అది చెప్పినట్టే చేశా. ఎల్లుండి మా పాప ఇది వేసుకునే స్టేజీ ఎక్కాలి."

"నీ ఫోను ఎప్పుడన్నా గుడ్డలుతికిందా?"

"మీరే వినండి." ఫోను తీయగా పలికింది: "మరక కింద తెల్లగుడ్డ పరవండి. స్పిరిటులో ముంచిన దూదితో వెనకవైపు నుంచి అద్దండి. రుద్దకండి. కోపగించుకున్న మరక ఇల్లు ఖాళీ చేయదు."

పక్కన ఇస్త్రీ చేస్తున్న లాండ్రీ ఆవిడ కూతురి చేయి ఆగిపోయింది. ఆ చివరి మాట వాళ్ళమ్మది! డిగ్రీ చదివే రోజుల్లో అమ్మ చెప్పే మరకల సంగతులన్నీ తను ఒక వెబ్‌సైటులో పెట్టింది. ఈమధ్య అటు తొంగిచూసేవాళ్ళే లేరు, పాడుబడిందనుకుంది. సెర్చ్ పేజీలోనే, అన్నిటికన్నా పైన జవాబు దొరుకుతుంటే లోపలికెవరొస్తారు? అమ్మ మాట మాత్రం గడప దాటి లోకమంతా తిరుగుతోందన్నమాట.

మరుక్షణం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, అంచు మీద చుక్క వేసి చూడమని నేను రాయలేదే!"

లోపలి మడతలో ఒక స్పిరిటు చుక్క అద్ది, దూదికి రంగు అంటుతుందేమో చూడనిదే ఆ కొట్లో ఎవరూ మరక జోలికి పోరు. ఊపిరి పీల్చమని ఎవరైనా రాస్తారా? అదీ అలాగే రాయలేదు.

"అన్నా, ఆ మాటలు మావే. తప్పు నాది," అంది కూతురు.

డ్రైవరు నోరు తెరిచాడు. "సముద్రమంత దాన్ని అడిగితే, సందు చివర మీరు పలికారా!"

తల్లి అప్పటికే గౌను అంచు విప్పుతోంది, ఆ గుడ్డతోనే మచ్చ మీద పువ్వు కుట్టడానికి. "ఎంతమంది అడిగుంటారే?"

"ఎవరికి తెలుసమ్మా!"

"ఆపమని చెప్పు మరి."

"అదేమన్నా పక్కింటి పిన్నా, గోడ మీంచి పిలవడానికి?"

కూతురికి చేతనైంది ఒక్కటే. తన పేజీలో, అన్నిటికన్నా ముందు ఆ మాట చేర్చింది. రోజూ ఫోన్‌ని అడిగేది. అది పాత పాటే పాడేది. విన్నప్పుడల్లా ఎక్కడో ఎవరిదో గుడ్డ పాడవుతున్నట్టు అన్నం సహించేది కాదు.

ఒక మధ్యాహ్నం అడిగితే, "ముందు లోపలి అంచు మీద ఒక చుక్క అద్ది చూడండి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపేయండి," అంది ఫోను.

ఆమె మరో భాషలో అడిగింది. అందులోనూ అదే మాట.

తల్లి తడిచేతులు కొంగుకు తుడుచుకుని దగ్గరికొచ్చింది. "రంగు అంటితే జనం ఆపుతారంటావా?"

"ఆపుతారమ్మా."

వాళ్ళెన్నడూ చూడబోని ఇళ్ళలో, వాళ్ళకు రాని భాషల్లో, ఎవరెవరో దూది పట్టుకుని ఒక్క క్షణం ఆగి, అంచు తిరగేసి చూస్తున్నారు.