ఖాళీ పంపులు

నర్గీస్ రెండు చేతులూ ముందుకు చాపి నిలబడి ఉంది.

ఆసుపత్రి హాలులో, గోడకున్న పెద్ద టీవీ కింద, ఓపీ చీటీల కోసం వచ్చిన జనమంతా చూస్తుండగా. సూపర్‌వైజర్ తాతబాబు ఆమె మణికట్టు పట్టుకుని ఆ చేతుల్ని ఇటూ అటూ తిప్పి చూపిస్తున్నాడు.

"సూడండమ్మా, ఈ సేతులే! ఈ సేతుల్తోనే బాలింతల మంచాలు తుడిసింది. కడుక్కోమంటే కడుక్కోదు. నాను అబద్ధమాడతన్నానేమో, ఆ టీవీని అడగండి."

టీవీలో ప్రసూతి వార్డు మనుషుల పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కనా, చేతులు శుభ్రం చేసుకున్న లెక్కకు ఒక గీత. అన్ని గీతలూ నిండుగా, ఆకుపచ్చగా ఉన్నాయి. నర్గీస్ గీత ఒక్కటే పొట్టిగా, ఎర్రగా ఉంది.

గోపాలపట్నం దాటాక హైవే పక్కన ఉంటుంది మా ఆసుపత్రి. ఆ హాలు పక్కనే, గాజు తలుపు వెనక, కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. అందరిలాగే నేనూ కాంట్రాక్టర్ గురునాథరావు కిందే. కొన్నాళ్లుగా ప్రసూతి వార్డులో ఆపరేషన్ అయిన వాళ్లకు కుట్లు చీము పడుతున్నాయి. ఒకరికి తగ్గుతుంటే ఇంకొకరికి మొదలు. కంచరపాలెం నుంచి వచ్చిన కుసుమకుమారికి జ్వరం దిగడం లేదు. పాలకు ఏడుస్తున్న బిడ్డ వైపు ఒత్తిగిలలేకపోతోంది. ఆమె మంచం చుట్టూ తుడిచేది నర్గీస్. అందుకని దోషి దొరికింది.

కుసుమకుమారి భర్త నవీన్ పోర్టులో లోడింగు పని చేస్తాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఇదేనేటి? ఇదేనా నా పెళ్లాన్ని సంపుతన్నది?"

చెయ్యెత్తాడు. ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆపింది చిలకమ్మ. వార్డు తుడిచేవాళ్లలో పెద్దది, స్టీలు ప్లాంటు కింద ఊరు పోయిన మనిషి.

"ఆడమనిషి మీద సెయ్యేస్తే నీ పెళ్లానికి జొరం తగ్గుతాదేటి బాబూ? దించు."

నవీన్ చెయ్యి దించాడు. తాతబాబు మాత్రం తగ్గలేదు. నర్గీస్ మెడలోని బ్యాడ్జి లాగేసి, "రేపట్నించి రావక్కర్లేదు. పోలీసు కంప్లయింటు కూడా ఎల్తాది" అన్నాడు.

నర్గీస్ జనాన్ని చూడలేదు. మా వైపు చూసింది. చీపుర్లతో, ట్రేలతో, స్ట్రెచర్లతో నిలబడిపోయిన మా అందరి వైపూ. ఎవరం నోరు విప్పలేదు.

మధ్యాహ్నం లాండ్రీ వెనక, దుప్పట్లు ఆరేసే చోట, వాళ్లంతా చేరారు. నర్గీస్ సబ్బు పెట్టె సంచిలో పెట్టుకుంటోంది. నేను తీగ మీది దుప్పటి పక్కన ఆగాను.

"కంప్యూటరమ్మ వొచ్చింది, నోళ్లు మూసుకోండి" అన్నాడు స్ట్రెచర్ తోసే నీలకంఠం.

"రానీ. అదీ మన గురునాథరావు కూలిదే" అని చిలకమ్మ నర్గీస్ వైపు తిరిగింది. "నువ్వు కూడా ఒక నొక్కు నొక్కీసి పోతే ఈ గొడవ ఉండేదేటే? అందరం నొక్కతన్నాం కాదేటి?"

"అందులో మందుందా చిలకప్పా?"

"మందుంటే ఏటి, నేకపోతే ఏటి? నొక్కితే టిక్కుమంటాది. టిక్కుమంటే హాజరు పడతాది."

అప్పటికిగాని నాకు అర్థం కాలేదు. ప్రతి మంచం దగ్గరా చేతులకు రాసుకునే శానిటైజరు పంపు ఉంటుంది. బ్యాడ్జి వేసుకున్న మనిషి నొక్కగానే కంప్యూటర్‌కు లెక్క వస్తుంది. నొక్కులు తగ్గితే గురునాథరావు ఆ పూట కూలి కోస్తాడు. అందుకని వీళ్లు దాన్ని చేతులు కడుక్కునే పంపుగా చూడటం ఎప్పుడో మానేశారు. హాజరు మిషను అనుకున్నారు. పనిలో ఊపిరి సలపనప్పుడు నలుగురి బ్యాడ్జీలూ నీలకంఠం జేబులో పడేవి. "బావా, నాదీ కొట్టీ" అంటే కొట్టేవాడు. పంపులో మందుందో లేదో ఎవరూ చూడలేదు. మందు పొయ్యాల్సింది గురునాథరావు మనుషులు. వాళ్లు వార్డు ముఖం చూసి ఎన్నాళ్లయిందో.

"నీలకంఠం కొట్టిన కొట్టుడికి బోరు పంపైతే వార్డు మునిగిపోయేది" అని ఎవరో అన్నారు. నవ్వారు.

నర్గీస్ నవ్వలేదు.

"చిన్నప్పట్నించీ నమాజుకి ముందు వజూ చేసి కడిగిన చేతులు నావి. నీళ్లు తగలకుండా చేతులు కడిగినట్టు ఎలాగ అవుతాది చెప్పండి. ప్రతి మంచానికీ ఈ కుళాయి దాకా వచ్చి, నా సబ్బుతో కడుక్కుని పోయాను. నాది ఎర్ర గీత. మీరు గాలి కొట్టారు. మీవి పచ్చ గీతలు. సరే, పోనీండి. తాతబాబు నా చెయ్యి పట్టుకున్నప్పుడు ఒక్కరైనా నోరు తెరిచారా?"

నవ్వు పోయింది. తీగ మీద తడి దుప్పట్లు టపటపా కొట్టుకుంటున్నాయి.

"కంప్యూటర్‌కి నొక్కు ఒక్కటే తెలుస్తుంది" అన్నాను. "లోపల మందుందా లేదా దానికి తెలీదు. బ్యాడ్జి ఎవరిదో తెలుస్తుంది గాని, నొక్కింది ఎవరో తెలీదు. కుట్లకి చీము పట్టిన లెక్క ల్యాబు నుంచి వస్తుంది. అది ఆ టీవీలో వెయ్యరు."

"ఏల వెయ్యరు?" అంది చిలకమ్మ.

"రోగులు భయపడతారని. నొక్కుల పక్కన చీము లెక్క కూడా పెడదామని నేను క్వాలిటీ డాక్టరు అనిరుధ్ సార్‌ని అడిగాను. అది నీ పని కాదన్నారు."

నీలకంఠం తల గోక్కున్నాడు. "అయితే మనం కొట్టిన గాలంతా పచ్చగా అయిపోయి, ఆ బాలింతల కుట్లకాడ తేలిందన్నమాట."

ఆ మాటకు జవాబుగా దుప్పట్ల అవతల నుంచి నవీన్ వచ్చాడు. వెనకాలే వచ్చి అంతా విన్నట్టున్నాడు. వెంటనే వార్డులోకి పరుగెత్తాడు. తిరిగొచ్చినప్పుడు అతని అరచేయి పొడిగా ఉంది. దాన్ని చిలకమ్మ ముఖం ముందు పెట్టాడు.

"ఫుస్సంది! నా పెళ్లాం మంచం కాడ పంపు. గాలి! మీరందరూ కలిసి..."

"కలిసే" అంది చిలకమ్మ. తల దించలేదు. "కొట్టినాం బాబూ. కొట్టకపోతే మా పిల్లలకి రేతిరి అన్నం నేదు. మమ్మల్ని తిట్టు, పడతాం. తిట్టీసి, ఆ పంపులో మందు మింగినోడి కాడికి కూడా ఎల్లు."

నవీన్ సిమెంటు గట్టు మీద కూలబడ్డాడు.

"మా పోర్టులోనూ ఇంతేనప్పా. నడుం బెల్టు ఒక్కటే. ఒకడు కట్టుకుని ఫోటో దిగుతాడు. ఇప్పీసి ఇంకోడికి ఇస్తాడు. అందరం బెల్టుతోటే ఫోటోలో ఉంటాం. అందరం బెల్టు నేకుండా పైకెక్కుతాం. మొన్న ఒకడు పడిపోయినాడు. ఫోటోలో బెల్టుంది, కాబట్టి తప్పు ఆడిదే అన్నారు."

"ఆ టీవీని బద్దలు కొట్టీద్దాం" అని లేచాడు నీలకంఠం. నలుగురైదుగురు లేచారు.

"కూకోండి!" అంది చిలకమ్మ. "టీవీ పగిలితే మనం రౌడీలం. పంపులు ఖాళీగానే ఉంటాయి."

"పగలగొట్టొద్దు" అన్నాను. ఇంతమందిలో నేను మాట్లాడటం నాకే కొత్త. "దానికి ఒక్క రోజు నిజం చెప్పనిద్దాం. రేపు క్వాలిటీ సర్టిఫికెట్ తనిఖీకి వస్తున్నారు. రేపు ఖాళీ పంపు ఎవరూ నొక్కకండి. అందరూ ఇక్కడికొచ్చి సబ్బుతో కడుక్కోండి. పని మాత్రం ఆపొద్దు."

వాదన రేగింది. కూలి ఎవడిస్తాడని ఒకరు. తనిఖీ పోతే ఆసుపత్రే మూసేస్తారని ఒకరు. వన్‌టౌన్ సాయిబుల మనిషి కోసం మనమెందుకు పోవాలని వెనక నుంచి ఎవరో గొణిగారు.

"ఎవులా మాటన్నది?" చిలకమ్మ గొంతు లేచింది. "ముందుకి రా. మన గాలికి అది దెబ్బ తింది. దానికోసం కాదు, మన సేతుల కోసం."

ఎవరూ ముందుకు రాలేదు. అప్పటిదాకా లాండ్రీ గుమ్మంలో నిలబడిన నర్సు గజాలా బయటికి వచ్చింది.

"మా గీతలు కూడా గాలి గీతలేనమ్మా. రేపు నర్సులం కూడా నొక్కం."

మర్నాడు పొద్దున్న డ్యూటీ మారగానే లాండ్రీ కుళాయి దగ్గర వరస మొదలైంది. వార్డులోకి బకెట్లతో నీళ్లు, సబ్బులు వెళ్లాయి. మంచానికీ మంచానికీ మధ్య చేతులు కడిగారు. నేలలు తుడిచారు, కట్లు మార్చారు, బిడ్డల్ని ఎత్తుకున్నారు. పంపుల్ని మాత్రం ఎవరూ ముట్టలేదు.

ముందు నీలకంఠం గీత ఎర్రబడింది. తర్వాత చిలకమ్మది. గజాలాది. చూస్తుండగానే టీవీలో పై నుంచి కింది దాకా ఎరుపు పాకింది. చీటీల వరసలో ఉన్న జనం టీవీ ముందుకు చేరారు. ఏటయింది, ఏటయింది అని ఒకటే గోల.

క్వాలిటీ చూసే డాక్టర్ అనిరుధ్ మెట్ల మీద నుంచి పరుగున దిగాడు.

"ఏం చేస్తున్నారు మీరు? డేటా మొత్తం పాడు చేస్తున్నారు!"

"ఇన్నాళ్లూ పాడు సేసినాం బాబూ" అంది చిలకమ్మ. "ఇయ్యాల బాగు సేత్తన్నాం. ఎల్లి ఒక పంపు నొక్కి సూడండి."

ఆయన హాలులోని పంపు నొక్కాడు. పక్కది నొక్కాడు. ఇంకొకటి నొక్కాడు. పొడి చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖంలో నాకు కనిపించింది సిగ్గో భయమో ఇప్పటికీ తెలియదు.

ఈలోగా గురునాథరావు కారు దిగాడు. అరవలేదు. మెత్తగా మాట్లాడాడు. గేటు బయట నిలబడ్డ నర్గీస్‌ని తనే లోపలికి పిలిపించాడు.

"అమ్మా, పొరపాటైంది. తాతబాబుది తొందర. నీ ఉద్యోగం నీకిచ్చేస్తున్నాను. కంప్లయింటు లేదు, ఏమీ లేదు. ఇదిగో బ్యాడ్జి. తనిఖీ వాళ్లు వచ్చేలోగా వీళ్లందరికీ చెప్పు, మామూలుగా నొక్కేయమను. ముందు నువ్వు నొక్కు. పంపులు సాయంత్రానికి నిండుతాయి."

హాలంతా ఆమె వైపు చూసింది. నర్గీస్ భర్త మంచాన ఉన్నాడని, ఇంట్లో వచ్చే జీతం ఇదొక్కటేనని మా అందరికీ తెలుసు.

నర్గీస్ బ్యాడ్జి తీసుకుంది. పంపు దగ్గరికి నడిచింది. బ్యాడ్జిని ఆ ఖాళీ పంపు ముక్కుకు తగిలించి, వెనక్కి వచ్చి మా మధ్య నిలబడింది.

"నిండాక పిలవండి సాబ్. అప్పుడు నొక్కుతాను. పంపుల్లో మందెంతుందో కూడా రోజూ ఆ టీవీలో రావాలి. కుట్లు ఎంతమందికి చెడ్డాయో రావాలి. మమ్మల్ని చూసే కన్ను మీ వైపు కూడా తిరగాలి."

చిలకమ్మ వెళ్లి తన బ్యాడ్జి తగిలించింది. గజాలా తగిలించింది. నీలకంఠం జేబులో ఎప్పటిలాగే నలుగురివి ఉన్నాయి. "ఇయ్యాల ఎవులిది ఆళ్లే తగిలించుకోండి" అని పంచేశాడు.

అప్పుడు వార్డు తలుపు తెరుచుకుంది. కుసుమకుమారి నడిచి వస్తోంది. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి నవీన్ భుజం మీద. జ్వరంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నర్గీస్ పరుగెత్తి ఆమె రెండో పక్క పట్టుకుంది. నిన్న తన మంచం దగ్గరికి రావద్దని నర్గీస్‌ని కసిరిన మనిషి, ఇప్పుడు ఆ చేతి మీద బరువంతా వేసింది.

"డాక్టరుగారూ" అంది కుసుమకుమారి. గొంతు రావడం లేదు. వినడానికి జనం దగ్గరికి జరిగారు. "అందరి పేర్లూ ఏసినారు కదా. నా పుండు కూడా ఆ టీవీలో ఎయ్యండి."

అనిరుధ్ నా వైపు చూశాడు. వెయ్యమనలేదు. వద్దని కూడా అనలేదు. నేను గాజు తలుపు తోసుకుని లోపలికెళ్లి, ల్యాబు నుంచి వచ్చిన లెక్కను పేర్లు లేకుండా ఎర్ర గీతల పక్కన తెరిచాను. ఏ నెలలో పంపులు నిండడం ఆగిందో చెప్పడానికి ఎవరూ అక్కర్లేకపోయింది. ఆ నెల నుంచే చీము గీత పైకి లేచింది. చీటీల వరసలో ఉన్న ఒక ముసలమ్మ, ఏ కూతురు కోసం వచ్చిందో, చూసి గుండెలు బాదుకుంది. తనిఖీ వాళ్లు గుమ్మంలోకి వచ్చేసరికి హాలులో కాలు పెట్టే చోటు లేదు.

గురునాథరావు మెత్తదనం అప్పుడు పోయింది. పోలీసులు వచ్చారు. కంప్యూటర్ లెక్కలు తారుమారు చేసి ఆసుపత్రి పనికి అడ్డుపడ్డారని నర్గీస్‌నీ, చిలకమ్మనీ, నన్నూ జీపెక్కించారు. వార్డు డ్యూటీలో ఉన్నవాళ్లు పని వదల్లేదు. డ్యూటీ దిగినవాళ్లు జీపు వెనక నడిచారు. మార్కెట్ దాటేటప్పుడు కూరల బళ్ల వాళ్లు ఏమిటని అడిగారు. నవీన్ చెప్తూనే ఉన్నాడు.

స్టేషన్‌లో ఎస్సై కుర్చీ జరుపుకుని నన్ను చూశాడు. పల్లెటూరి పిల్లలా ఉంది, దీనితో మొదలుపెడదాం అనుకున్నాడేమో.

"మీ వెనక ఎవరున్నారే? ఎంతమంది?"

కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోంది. ఇంకేదో ఆసుపత్రి యూనిఫాం వేసుకున్న ఆడవాళ్లు ఆటోల్లోంచి దిగుతున్నారు. వాళ్లలో ఒకామె తమ ఆసుపత్రి గోడ నుంచి ఊడదీసిన పంపు చేత్తో పట్టుకుని, వచ్చిన ప్రతి మనిషి చేతిలోనూ నొక్కి చూపిస్తోంది. ఏమీ రాలడం లేదు. వాళ్ల వెనక పోర్టు కళాసీలు. ఆ వెనక ఇంకో బస్సు ఆగి జనాన్ని దింపుతోంది.

"లెక్క ఇంకా అవలేదు సార్" అన్నాను. "దువ్వాడ బస్సు ఇప్పుడే వచ్చింది."